తెర మీద ఎండ

ఆమెకు లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. అక్కడ తన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ సంగతి తెలియక ఇక్కడ తను నవ్వుతూ ఉండటం. దెబ్బ తగలడం, జ్వరం రావడం లాంటివన్నీ దాని తర్వాతే. వాటికి మందుంది. ఆ నవ్వుకు మందు లేదు.

పోయిన వారం మనం ఆమెను నవ్వుతుండగానే వదిలి వచ్చాం.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి, పెళ్లయి, బిడ్డ పుట్టాక ఆమెకు ఫోన్లు పరీక్షించే గదిలో పని దొరికింది. యాప్‌ను నొక్కిన దగ్గర్నుంచి అది తెరుచుకునే దాకా ఎంతసేపు పడుతుందో కొలవడం ఆ గదిలో పని. బొమ్మ తెర మీద పడిందో లేదో కొలత ఆపే మీట మీద ఆమె వేలు పడుతుంది కాబట్టి అక్కడ అందరూ ఆమెను ‘గడియారం’ అంటారు. ఈమధ్య ఆ గదికి ఒక కొత్త యాప్ వచ్చింది. పిల్లల్ని చూసుకునే ఇళ్లలో కెమెరా పెట్టి, పనికెళ్లిన తల్లులకు వాళ్ల బిడ్డను ఫోన్‌లో చూపించే యాప్ అది. పరీక్షకు నిజమైన ఇల్లు, నిజమైన బిడ్డ కావాలన్నారు. గడియారం భర్తకు ఒక అక్క ఉంది. ఆ వదిన పల్లపు సందులో, రెండు మెట్లు దిగి వెళ్లాల్సిన కింది గదిలో, పగలంతా ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకుంటుంది. కెమెరా ఆ గదిలో బిగించారు. బిడ్డ ఎవరో కాదు, గడియారం కూతురే. ఇంకా పాకే వయసు. ఇంట్లో అందరికీ ‘పిచ్చుక’.

మొదట్లో నొక్కితే ఆరు సెకన్లకు గానీ పిచ్చుక కనిపించేది కాదు. అంతసేపూ తెర తెల్లగా, గోడలా ఉండేది. పోయిన వారం ఉన్నట్టుండి ఒక్క సెకనులోపే కనిపించింది. గది గదంతా చప్పట్లు కొట్టింది. పెద్ద మేడం భుజం తట్టింది. గడియారం నవ్వింది. అక్కడ ఆగాం.

ఈ రోజు ఆ యాప్ యజమాని తన కళ్లతో చూసుకోవడానికి వచ్చాడు.

పరీక్ష గదికి వానా ఎండా తెలియవు. ఫోన్ల అద్దాల మీద బయటి వెలుగు పడి మెరవకూడదని కిటికీలన్నిటికీ నల్లగుడ్డ బిగించారు. గోడవారగా ఏటవాలు బల్ల, దాని మీద రబ్బరు పట్టీలతో కట్టేసిన ముప్పై ఫోన్లు. అన్నీ పాతవి, చౌకవి. కొన్నిటికి అద్దం చిట్లింది. బీద తల్లి చేతిలో ఏ ఫోన్ ఉంటుందో మన బల్ల మీదా అదే ఉండాలని మేడం పట్టుదల. పక్కన నెట్‌ను కావాలని మందగించే పెట్టె ఒకటి. దాని మర తిప్పితే చాలు, సిగ్నల్ అందని మూల ఉన్నట్టు ఫోన్లన్నీ నీరసపడిపోతాయి. మేడం తప్ప అందరూ తమ సొంత ఫోన్లు గుమ్మం దగ్గరి ఇనప పెట్టెలో పడేసి లోపలికి రావాలి. అవి దగ్గరుంటే కొలత చెడుతుందట.

యజమాని మోకాళ్ల దాకా తడిసి, బూట్లు చప్పుడు చేసుకుంటూ లోపలికి వచ్చాడు.

“వాన కాదండీ బాబూ, ఆకాశానికి చిల్లు పడింది. కారు మధ్యలో వదిలేసి నడిచొచ్చాను” అంటూ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

గడియారం చెవికి ఆ మాట ఎక్కలేదు. ఆమె తన చూపుడు వేలు తుడుచుకుంటోంది. చెమట పట్టిన వేలు తెర మీద జారుతుంది.

“ఈమేనా కొలిచేది? ఏం చదువుకుంది?” అన్నాడు యజమాని, ఆమె వినదన్నట్టు.

మేడం కేకలేసే మనిషి కాదు. మెత్తగా, పాలల్లో చక్కెర కలుపుతున్నట్టు మాట్లాడుతుంది. కేకలేసేవాళ్లయితే నయం, ఎప్పుడు చెవులు మూసుకోవాలో తెలుస్తుంది.

“ఈ పనికి చదువు అక్కర్లేదండీ, భయం కావాలి. చదువుకున్నవాళ్లను కూర్చోబెట్టి చూశాను. బొమ్మ వచ్చాక ఓ ఆవలింత ఆవలించి అప్పుడు నొక్కారు. ఈ పిల్లను చూడండి. తల్లి కదా, బిడ్డ ఏమైపోయిందోనని ప్రాణాలన్నీ కళ్లలో పెట్టుకుని చూస్తుంది. బిడ్డ కనబడగానే వేలు దానంతటదే పడుతుంది. యంత్రం కూడా అంత సూటిగా కొలవలేదు. అందుకే పసిపిల్ల ఉన్నదాన్ని ఏరికోరి తెచ్చుకున్నాను.”

“భయం మరీ ఎక్కువైతేనో?”

“కొలత ఇంకా బాగా వస్తుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇన్నాళ్లూ అది తన చురుకని, ఎవరూ తీసుకుపోలేని తన సొంత గుణమని మురిసిపోయిన పిల్ల, తల ఎత్తకుండా కుర్చీ ముందుకు లాక్కుంది.

పక్క కుర్చీలో వాగుడుకాయ ఉంది. మంచి మనిషే, నోరే ఆగదు. కొలతకు ముందు ఒక్కొక్క ఫోన్‌నూ పూర్తిగా ఆర్పి, చల్లార్చి, మళ్లీ వెలిగించడం ఆమె పని. ఇందాక తెరిచిన యాప్ ఫోన్‌కు ఇంకా మనసులోనే ఉంటే చటుక్కున తెరుచుకుంటుంది, అది దొంగ కొలత అవుతుంది.

“చల్లార్చేశా. కొట్టు చెల్లీ!” అంది వాగుడుకాయ.

గడియారం నొక్కింది. తెర వెలిగింది. పిచ్చుక. వేలు పడింది.

“సెకను కూడా పట్టలేదు!”

యజమాని మెచ్చుకోలుగా తల ఊపాడు. తెర మీద పిచ్చుక కిటికీ కింద చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒక పిడికిలి బుగ్గ కింద. మొహం మీద పలక వెడల్పున ఎండ. రెండో ఫోన్, మూడో ఫోన్, నాలుగో ఫోన్. ప్రతి తెర మీదా అదే నిద్ర, అదే పిడికిలి. గడియారం గుండె ఒక్కొక్క ఫోన్‌కీ కొంచెం కొంచెంగా కుదుటపడింది. కుదుటపడగానే, ఏ తల్లికైనా ఉండేదే, కొత్త దిగులు ఒకటి వెతుక్కుంది.

“అయ్యో, ఎండ సరిగ్గా కళ్లలోకే పడుతోందక్కా. వదినకు పరదా లాగమని చెప్పాలి” అంది గొణుక్కున్నట్టు.

వాగుడుకాయ కిసుక్కుమంది. “ఏ ఎండే తల్లీ? ఆ సారును చూడు, తడిసిన కోడిలా ఎలా ఉన్నాడో. మీ వదిన ఇంటికి వేరే సూర్యుడున్నాడా ఏంటి?”

దగ్గరున్నవాళ్లు నవ్వారు. గడియారం కూడా నవ్వింది.

నవ్వు పెదవుల మీద ఉండగానే ఆమె తల తిప్పి యజమాని బూట్ల కింద చేరిన నీటి మడుగు చూసింది. తెర వైపు చూసింది. మళ్లీ మడుగు వైపు చూసింది. కిటికీల నల్లగుడ్డ వెనక ఇందాకటి నుంచి వినిపిస్తున్న హోరు ఏసీది కాదని అప్పుడు తెలిసింది.

“సార్” అంది. ఆ పిలుపు యజమానిని కాదు, యాప్‌ను తయారుచేసిన కుర్రాణ్ణి. అతన్ని అందరూ కళ్లద్దాలు అంటారు. “సార్, బయట వాన పడుతుంటే లోపల ఎండెక్కడిది?”

కళ్లద్దాలు మేడం వైపు చూశాడు. మేడం తన గోళ్లు చూసుకుంది.

“అది... కొత్త బొమ్మ వచ్చేదాకా ముందు వచ్చిన బొమ్మ చూపిస్తాం” అన్నాడు. “పోయిన వారం నుంచీ అంతే. వేగం అలాగే వచ్చింది.”

“కొత్తది ఎప్పుడొస్తుంది?”

“కెమెరా పంపితే వచ్చేస్తుంది.”

“పంపకపోతే?”

“పంపకపోతే పాతదే ఉంటుంది. తెల్ల తెర చూస్తే తల్లులు హడలిపోతున్నారని మీరే కదా చెప్పారు?”

నిజమే. ఆమే చెప్పింది. ఆ తెల్ల తెర చూస్తే ప్రాణం పోతోంది సార్ అని, పని కొత్తలో, కళ్ల నీళ్లు పెట్టుకుని చెప్పింది.

“ఇది ఎప్పటి బొమ్మ సార్?”



“నిన్నటిది” అంది మేడం, ఆ మెత్తటి గొంతుతోనే. “నిన్న మధ్యాహ్నం నుంచి మీ వదిన కెమెరా ఏమీ పంపలేదు. ఇస్త్రీపెట్టెకో దేనికో ప్లగ్ పీకేసి ఉంటుంది. పొద్దున్నే తెలిసింది నాకు.”

“తెలిసీ...”

“తెలిసి ఏం చెయ్యను? మన పనికి అడ్డమేం రాలేదుగా. నువ్వు కొలిచేది బొమ్మ ఎంతసేపట్లో వచ్చిందని. ఏ రోజుదని కాదు.”

యజమాని గడ్డం నిమురుకుంటూ బల్ల మీదికి వంగాడు. ఆయన మొహంలో చిరాకు వస్తుందని గడియారం ఎదురుచూసింది. ఆయనకూ పిల్లలుంటారు, మనవలుంటారు, ఇదేం పనండీ అని మేడంను కడిగేస్తాడనుకుంది.

“అంటే కెమెరా చచ్చిపోయినా తల్లికి బిడ్డ కనబడుతూనే ఉంటుందన్నమాట” అన్నాడాయన. “బాగుందే! నేను అడిగిన దానికంటే బాగుంది.”

గడియారం లేచి నిలబడింది. “మేడం, ఒక్క ఫోన్ చేసుకుంటాను. ఒక్కటే.”

“ముందు బల్ల పూర్తిచెయ్యి తల్లీ. పెద్దాయన వానలో నడిచొచ్చారు.”

ఆమె కూర్చుంది. మేడం మాటకు భయపడి మాత్రం కాదు. వరసలో ఇంకా నొక్కని ఫోన్లు ఉన్నాయి. వాటిలో ఏదో ఒకదానికి కొత్త బొమ్మ రావచ్చు. ప్లగ్ పీకినదాన్ని వదిన ఈ క్షణమే మళ్లీ పెట్టి ఉండవచ్చు. ఆ ఆశ ఆమె వేలును పట్టి లాగింది. నొక్కింది. ఎండలో పిచ్చుక. నొక్కింది. ఎండలో పిచ్చుక. ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది, ప్రతిసారీ వేలు ఠంచనుగా పడింది. ఆ రోజు ఆమె కొలిచినంత సూటిగా ఆ గదిలో ఎవరూ ఎన్నడూ కొలవలేదు. మేడం కళ్లతోనే యజమానికి చూపించింది, చెప్పానా అన్నట్టు.

బల్ల సగం దాటేసరికి నిద్రపోతున్న బిడ్డలు వరసగా పరుచుకున్నారు. చిట్లిన అద్దాల వెనక కొందరు, మంచి అద్దాల వెనక కొందరు. గడియారం చెయ్యి ఆగిపోయింది.

“నేను నొక్కలేను” అంది.

“అబ్బ, ఆ ఫోనేదో చేయించెయ్యండి మేడం” అన్నాడు యజమాని, విసుగ్గా. “అటుపక్క ఆవిడ, బిడ్డ బాగానే ఉందని చెబితే దీనికి స్థిమితం వస్తుంది.”

మేడం తన ఫోన్ తీసింది. “అందరికీ వినబడేలా పెట్టి మాట్లాడు. ఈ పిచ్చి అనుమానాలు అందరికీ వదిలిపోవాలి.”

అవతల నాలుగు సార్లు మోగాక వదిన ఎత్తింది.

“వదినా, నేను.”

“నువ్వా! ఇదెవరి ఫోనే? నేనింకా ఎవరో కొత్త బేరం అనుకున్నా.”

“పిచ్చుక ఏం చేస్తోంది వదినా?”

“ఏం చేస్తుంది, మహారాణిలా పడుకుంది. రోజూ ఈ పరీక్షలేంటే నాకు? ఇప్పుడే చూశా. కిటికీ కింద, ఎండలో, పిల్లిపిల్లలా ముడుచుకుని.”

“విన్నావా?” అన్నాడు యజమాని. గదిలో బిగుసుకున్న భుజాలన్నీ ఒక్కసారి సడలాయి. మేడం ఫోన్ కోసం చెయ్యి చాచింది.

గడియారం ఇవ్వలేదు.

“ఎండ కనిపిస్తోందా వదినా నీకు?”

“కనిపించకేం? నీకు కనిపించట్లేదా?”

“నాకు కనిపిస్తోంది. నీకెలా కనిపిస్తోంది?”

వదిన జవాబు చెప్పేలోపు అవతల ఏదో యంత్రం గుయ్యిమంది, ఆగింది. “తల కొంచెం ఇటు వంచండి అమ్మా, రంగు చెవి మీదికి కారుతుంది” అంది ఇంకెవరో ఆడగొంతు.



“వదినా, ఎక్కడున్నావు నువ్వు?”

“ఏయ్, అరవకు. జుట్టుకు రంగు వేయించుకుందామని ఇలా వచ్చా. పొద్దున మబ్బుగా ఉందని ఇవాళ ఎవరూ పిల్లల్ని తేలేదు, నీ కూతురొక్కతే. పాలు పట్టి, పడుకోబెట్టి వచ్చా. గాలికి వదిలేసి వచ్చానా? ఫోన్ చేతిలోనే ఉంది, మీ యాప్‌లో చూస్తూనే ఉన్నా. లేచిందంటే పరుగెత్తుకెళ్లనా? రోజంతా అక్కడ కూర్చుని నువ్వు చేసే పనేంటి మరి? నువ్వు తెరలో చూస్తే ప్రేమ, నేను చూస్తే తప్పా?”

“వదినా, అది నిన్నటి బొమ్మ.”

“ఏంటీ?”

“నిన్నటిది వదినా! నువ్వు ప్లగ్ పీకేశావు. బయట వాన కొడుతోంది, చూడు ఒకసారి!”

గాజు తలుపు తోసిన చప్పుడు. అవతల నుంచి హోరు ఫోన్‌లోకి దూసుకొచ్చింది. ఆ హోరులో వదిన గొంతు చిన్నపిల్ల గొంతులా సన్నబడిపోయింది.

“అమ్మో... ఇంత వానెప్పుడొచ్చిందే? లోపల ఆ యంత్రం చప్పుడుకు...”

“తలుపు తీసి ఉందా? పక్కింటివాళ్లెవరైనా...”

“తాళం వేశా. తాళం వెయ్యకుండా ఎవరైనా వస్తారా? చెవి నా దగ్గరే ఉంది. ఇక్కడంతా నీళ్లే, దాటడానికి దారే కనబడట్లేదు. నువ్వు... నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదే...”

మేడం గడియారం వేళ్ల మధ్య నుంచి ఫోన్ మెల్లగా లాక్కుని, కట్ చేసి, యజమాని వైపు తిరిగింది.

“చూశారా అండీ, పిల్లల్ని చూసుకునేవాళ్లు కూడా మన యాప్‌నే నమ్ముతున్నారు.”

యజమాని ఒక్క క్షణం ఇబ్బందిగా కదిలాడు. తర్వాత తన తడిసిన బూట్ల వైపు చూసుకున్నాడు. “ఇవన్నీ మీరు మీరు చూసుకోండి. నేను తొందరగా వెళ్లాలి. మిగతా ఫోన్లు కూడా అంతే వేగంగా వస్తాయా, అది చెప్పండి.”

గడియారం గుమ్మం వైపు నడిచింది. సొంత ఫోన్ ఉన్న ఇనప పెట్టెకు తాళం. చెవి మేడం మెడలో.

“వెళ్తే వెళ్లు తల్లీ, పట్టుకుని కట్టెయ్యను” అంది మేడం వెనక నుంచి. “కానీ ఈ మెట్లు దిగావంటే మళ్లీ ఎక్కే శ్రమ వద్దు. ఆ పెట్టె సాయంత్రం తెరుస్తాను, ఎవరినైనా పంపి ఫోన్ తెప్పించుకో.”

గడియారం వాగుడుకాయ వైపు చూసింది. ఒక్క మాట. నేనూ వస్తాను పద అనకపోయినా సరే, వెళ్లవే అన్నా చాలు. ఆ గదిలో నోరు మూతపడి ఎరగని మనిషి, తల వంచుకుని, తరవాతి ఫోన్ మీద వేలు పెట్టి ఆర్పుతోంది.

“నువ్వు జరిగి ఆ కుర్చీలో కూర్చో” అంది మేడం వాగుడుకాయతో. “నీకూ పిల్లలున్నారుగా?”

తలుపు మూసుకునేలోపు గడియారం చెవిన పడిన చివరి మాట అదే.

మెట్ల మీద ఆమె చెప్పు తెగింది. రెండోదాన్ని తనే విసిరేసింది. వీధి వీధిలా లేదు. బురదరంగు నీళ్లు దుకాణాల అరుగుల్ని నాకుతూ పల్లానికి పరుగెడుతున్నాయి. పల్లం ఎటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వీధుల నీళ్లన్నీ చివరికి చేరేది ఆ సందుకే, ఆ సందులో అన్నిటికంటే కిందున్న గుమ్మానికే. నీళ్లు ఆమెకంటే ముందు వెళ్తున్నాయి. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో గొడుగు, ఒక చెక్కబల్ల ఆమెను దాటుకుని కొట్టుకుపోయాయి. గోడలు పట్టుకుంటూ, పడుతూ, లేస్తూ ఆమె వాటి వెంట పడింది. “కింది గదిలో పసిపిల్ల ఉంది, తలుపు కొట్టండి, ఎవరైనా తలుపు కొట్టండి!” అని కిటికీలన్నిటికీ వినబడేలా అరిచింది. వానకు అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి. ఒక్క కిటికీ వెనక మాత్రం ఒక ముసలాయన మొహం కనిపించింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమన్నావన్నట్టు తల ఎగరేశాడు.

సందు మలుపు తిరిగేసరికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. దూరంగా వదిన ఇంటి తలుపు కనిపించింది. సగమే కనిపించింది. కింది సగం నీళ్లలో ఉంది. దానికి వేలాడుతున్న తాళం నీటి మీద అటూ ఇటూ ఊగుతోంది.

లోపలి నుంచి ఏడుపు వినిపిస్తే బాగుండునని ఆమె జీవితంలో మొదటిసారి అనుకుంది.

ఇంకా ఆ తలుపు దాకా ఆమె చేరలేదు. మధ్యలో చాలా నీళ్లున్నాయి. వచ్చే వారం దాకా ఆమె ఆ నీళ్లలో నడుస్తూనే ఉంటుంది, మనం చేయగలిగింది లేదు. మీరు చేయగలిగింది మాత్రం ఒకటుంది. మీ ఇంట్లో పక్క గదిలో ఎవరైనా పడుకుని ఉంటే, పసిబిడ్డో, మంచం పట్టిన పెద్దవాళ్లో, ఇందాక చూశాను బాగానే ఉన్నారని అనుకోకండి. పుస్తకం ఇక్కడే బోర్లించి, లేచి వెళ్లండి. ఫోన్‌లో కాదు, తలుపు సందులోంచి కాదు. దగ్గరికి వెళ్లి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి రండి.